బిల్లు పఠనం - పౌరుల హక్కు: కాలం, భాష, సమాధానం

వ్యాససంగ్రహం:

చట్టసభలో ఓటింగు జరగడానికి ముందే ప్రతి బిల్లు పూర్తిపాఠాన్ని ప్రజల ముందు ఉంచాలని, సభ్యులు దానిని చదివిన తరువాతే ఓటు వేయాలని పౌరులు కోరడం అనేక ప్రజాస్వామ్యదేశాలలో కనిపించే విషయం. ఈ కోరిక అమెరికాలో 72 గంటల నియమంగా, భారతదేశంలో 30 రోజుల ముందస్తు సంప్రదింపు విధానంగా రూపుదిద్దుకొంది. అయినా రెండుచోట్లా చదవకుండా చట్టాలు చేసే పద్ధతి పూర్తిగా పోలేదు. బిల్లును ప్రచురించడం ఒక్కటే చాలదని, చదివేందుకు తగిన కాలం, చదివేవారికి తెలిసిన భాష, వచ్చిన అభిప్రాయాలకు సమాధానం అనే మూడూ కలిసినప్పుడే ప్రచురణకు అర్థం ఉంటుందని ఈ వ్యాసం వివరిస్తుంది. ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టాన్ని తెలుగువారి అనుభవంలోని ఉదాహరణగా పరిశీలిస్తుంది.

కీలకపదాలు: బిల్లు, పఠనం, శాసనప్రక్రియ, ముందస్తు సంప్రదింపు, సమాచారహక్కు, పునర్వ్యవస్థీకరణ చట్టం, శాసనభాష, అనువాదం.

1. ఉపోద్ఘాతం:

చట్టసభల పరిభాషలో ‘పఠనం’ అనే మాటకు ఒక ప్రత్యేకార్థం ఉంది. బిల్లును సభలో ప్రవేశపెట్టడం ప్రథమపఠనం. దాని మూలసూత్రాలను చర్చించి, తరువాత క్లాజులవారీగా పరిశీలించడం ద్వితీయపఠనం. ఆమోదించవలసిందిగా కోరే తుదితీర్మానంపై జరిగే చర్చ తృతీయపఠనం. ఈ మాటలు బ్రిటిష్ పార్లమెంటు నుంచి వచ్చాయి. అచ్చుయంత్రం రాకముందు ప్రతులు చేతివ్రాతలో ఉండేవి. సభ్యులందరికీ ప్రతులు అందే అవకాశం లేదు. కాబట్టి సభాగుమాస్తా బిల్లును బిగ్గరగా చదివేవాడు, సభ్యులు వినేవారు. అంటే ఆనాడు పఠనం నిజంగా పఠనమే.

ముద్రణ వచ్చి ప్రతులు సులభంగా లభించేసరికి ఈ ఆచారం నామమాత్రమైంది. పేరు మిగిలింది, పని పోయింది. బిల్లు పేరు చదివితే బిల్లు చదివినట్లే అయింది. ఓటుకు ముందు బిల్లులను చదవాలని, ప్రచురించాలని పౌరులు చేసే విజ్ఞప్తి ఒక విధంగా ఆ మాటకు దాని పూర్వార్థాన్ని తిరిగి ఇమ్మని అడగడమే.

అయితే బిగ్గరగా చదివినంతమాత్రాన సమస్య తీరదు. 2021 మార్చిలో అమెరికా సెనేట్‌లో 628 పుటల కోవిడ్ సహాయబిల్లును ఒక సభ్యుని పట్టుదలవల్ల గుమాస్తాలు పూర్తిగా చదవవలసివచ్చింది. దాదాపు 11 గంటలు పట్టింది. అర్ధరాత్రి దాటాక చదవడం పూర్తయ్యేసరికి సభ దాదాపు ఖాళీగా ఉంది. నియమం అక్షరాలా నెరవేరింది, ఉద్దేశం నెరవేరలేదు. కాబట్టి చదవడం అంటే ఏమిటి, ఎవరు చదవాలి, ఎప్పుడు చదవాలి అనే ప్రశ్నలు తప్పవు.

2. 72 గంటల నియమం - అమెరికా అనుభవం:

అమెరికాలో ఈ కోరిక బలపడడానికి 2001 నాటి పేట్రియాట్ చట్టం ఒక ప్రధానకారణం. సెప్టెంబరు 11 దాడుల తరువాత రూపొందిన ఆ బిల్లు తుదిపాఠం అక్టోబరు 23న ప్రతినిధులసభలో ప్రవేశించింది. 24న ఆ సభ, 25న సెనేట్ ఆమోదించాయి. 26న అధ్యక్షుని సంతకం పడింది. పౌరుల సంభాషణలపై నిఘాకు విస్తృతాధికారాలిచ్చిన చట్టం ఇలా నాలుగు రోజులలో పూర్తయింది. సెనేట్‌లో వ్యతిరేకంగా పడిన ఓటు ఒక్కటే.

2009లో ఆరోగ్యబీమా సంస్కరణలపై చర్చ సాగుతున్నప్పుడు ‘బిల్లు చదివారా?’ అనే ప్రశ్న ప్రజాసభలలో మారుమోగింది. ఓటుకు 72 గంటల ముందు బిల్లును అంతర్జాలంలో ఉంచాలని పారదర్శకతను కోరే సంస్థలు ఉద్యమించాయి. 2011లో ప్రతినిధులసభ తన నియమావళిలో మూడురోజుల నిబంధనను చేర్చుకొంది. 2019లో దానిని 72 గంటలుగా స్పష్టీకరించింది. కాని ఆ నియమాన్ని పక్కనపెట్టే అధికారం కూడా సభకే ఉంది. 2020 డిసెంబరు 21న 5,593 పుటల ద్రవ్యవినియోగబిల్లు పాఠం విడుదలైన రోజునే ఉభయసభలూ దానిని ఆమోదించాయి. అన్ని పుటలను ఒక్కరోజులో చదవడం ఏ సభ్యునికీ సాధ్యం కాదు.

సభ తనకు తాను పెట్టుకొన్న నియమం ఇంత బలహీనమైనప్పుడు, ప్రజలు నేరుగా రాజ్యాంగంలో చేర్చిన నియమం మరికొంత గట్టిది. కాలిఫోర్నియా రాష్ట్రంలో 2016 నవంబరులో జరిగిన ప్రజాభిప్రాయసేకరణలో 54వ ప్రతిపాదన నెగ్గింది. దాని ప్రకారం తుదిపాఠం ముద్రితమై అంతర్జాలంలో 72 గంటలు ఉంటేనే శాసనసభ దానిపై ఓటు వేయాలి. విపత్తు వంటి అత్యవసరపరిస్థితులకు మాత్రమే మినహాయింపు ఉంది. న్యూయార్క్ రాజ్యాంగంలో మూడురోజుల నియమం అంతకు ఎంతో ముందునుంచే ఉంది. అయితే అక్కడ ‘అవసరం ఉంది’ అని గవర్నరు సందేశం పంపితే ఆ నియమం వర్తించదు. నియమం ఎంత పాతదైనా దాని బలం మినహాయింపు ఎంత ఇరుకుగా ఉందన్న దానిపై ఆధారపడుతుందని ఈ రెండు రాష్ట్రాలను పోల్చితే తెలుస్తుంది.

3. భారత పార్లమెంటు - చదివే అవకాశం:

భారతదేశంలో బిల్లు ప్రతులు సభ్యులకు ముందుగా అందాలన్న నియమం లేకపోలేదు. లోక్‌సభ స్పీకర్ ఆదేశాలలోని 19బి ప్రకారం, ప్రవేశపెట్టడానికి కనీసం రెండురోజుల ముందు ప్రతులు సభ్యులకు చేరాలి. తగిన కారణాలు చూపితే స్పీకర్ ఈ గడువును సడలించవచ్చు. ప్రవేశపెట్టిన తరువాత బిల్లును గెజెట్‌లో ప్రచురిస్తారు. ప్రవేశానికి ముందే ప్రచురించేందుకు కూడా 64వ నియమం వీలు కల్పిస్తుంది. అంటే నియమాలున్నాయి. వాటితోపాటు తప్పుకొనే దారులూ ఉన్నాయి.

ఆర్థికంగా వెనుకబడినవారికి 10 శాతం రిజర్వేషన్ కల్పించిన రాజ్యాంగసవరణ బిల్లును 2019 జనవరి 8న లోక్‌సభలో ప్రవేశపెట్టి అదేరోజు ఆమోదించారు. మరునాడు రాజ్యసభ ఆమోదించింది. 2020 సెప్టెంబరులో వ్యవసాయబిల్లులు రాజ్యసభలో గందరగోళం మధ్య మూజువాణి ఓటుతో ఆమోదం పొందాయి. 2021 నవంబరు 29న వాటిని రద్దుచేసే బిల్లు కూడా చర్చ లేకుండానే ఉభయసభలలో ఒకేరోజు గట్టెక్కింది. చేసినప్పుడు తగిన పరిశీలన లేదు, రద్దుచేసినప్పుడు చర్చే లేదు. ఈ ఉదాహరణలలోని చట్టాలు మంచివా, చెడ్డవా అన్నది వేరే విషయం. మంచి చట్టానికైనా చదివే సమయం అవసరమే.

బిల్లును నిదానంగా చదివే చోటు స్థాయీసంఘం. 1993లో శాఖలవారీ స్థాయీసంఘాలు ఏర్పడ్డాయి. అవి నిపుణులను పిలుస్తాయి, ప్రజల నుంచి వినతులు స్వీకరిస్తాయి, క్లాజులవారీగా నివేదిక ఇస్తాయి. పీఆర్ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ సంస్థ లెక్కల ప్రకారం 15వ లోక్‌సభ కాలంలో 71 శాతం బిల్లులు ఈ సంఘాలకు వెళ్లగా, 17వ లోక్‌సభ కాలంలో అది 16 శాతానికి తగ్గింది. 2021 ఆగస్టు 15న నాటి భారత ప్రధానన్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి.రమణ సభలలో తగిన చర్చ లేకపోవడంవల్ల చట్టాలలో అస్పష్టత పెరుగుతోందని, వాటి ఉద్దేశం తెలియక వ్యాజ్యాలు పెరుగుతున్నాయని ఆవేదన వ్యక్తం చేశారు. సభలో జరగని పఠనం చివరికి న్యాయస్థానంలో జరుగుతుందన్నదే ఈ మాటల సారాంశం.

4. పౌరులు చదివిన బిల్లు - సమాచారహక్కు చట్టం:

బిల్లును పౌరులు చదివితే ఏం జరుగుతుందో తెలుసుకోవడానికి సమాచారహక్కు చట్టం చక్కని ఉదాహరణ. రాజస్థాన్ గ్రామాలలో పనుల లెక్కలు చూపమని అడిగిన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ ఉద్యమం నుంచి ఆ చట్టానికి ప్రేరణ లభించింది. 2004 డిసెంబరులో పార్లమెంటులో ప్రవేశించిన బిల్లు కేంద్రప్రభుత్వసంస్థలకు మాత్రమే పరిమితమై ఉంది. పంచాయతీ, రేషన్ దుకాణం, తహసీల్దారు కార్యాలయం వంటివి రాష్ట్రపరిధిలోనివి. సామాన్యునికి సమాచారం కావలసింది అక్కడే. బిల్లు పాఠాన్ని చదివిన పౌరసంస్థలు ఈ లోపాన్ని పట్టుకొని స్థాయీసంఘం ముందు ఉంచాయి. ఫలితంగా రాష్ట్రాలకూ వర్తించేలా సవరణలతో 2005 మే నెలలో పార్లమెంటు ఆమోదం లభించింది. అక్టోబరు 12 నుంచి చట్టం అమలులోకి వచ్చింది. చదివేందుకు దొరికిన ఆ కొద్దినెలలే లేకపోతే ఈనాడు గ్రామసచివాలయంలో ఆ చట్టం కింద దరఖాస్తు పెట్టే వీలు ఉండేది కాదు.

అదే చట్టంలోని 4(1)(సి) నిబంధన, ప్రజలను ప్రభావితం చేసే ముఖ్యవిధానాలను రూపొందించేటప్పుడు సంబంధిత వాస్తవాలన్నింటినీ ప్రచురించాలని చెబుతోంది. బిల్లు తయారీ కూడా విధానరూపకల్పనే కాబట్టి ముసాయిదాలను ముందే బయటపెట్టాలని పౌరసంస్థలు కోరాయి. ఈ నేపథ్యంలో 2014 ఫిబ్రవరిలో కేంద్రన్యాయశాఖ ముందస్తు శాసన సంప్రదింపు విధానాన్ని అన్ని శాఖలకూ పంపింది. దాని ప్రకారం ముసాయిదాను గాని, కనీసం దాని ముఖ్యాంశాలను గాని 30 రోజులపాటు ప్రజల ముందు ఉంచాలి. చట్టం ఎందుకు అవసరమో, ఖర్చు ఎంతో, పర్యావరణంపై, ప్రాథమికహక్కులపై, ప్రజల జీవనోపాధిపై ప్రభావం ఏమిటో తెలపాలి. సులభభాషలో వివరణపత్రం జతచేయాలి. వచ్చిన అభిప్రాయాల సారాంశాన్ని ప్రచురించాలి. సంప్రదింపు సాధ్యం కాకపోతే కారణాలను మంత్రిమండలికి సమర్పించే పత్రంలో నమోదు చేయాలి.

ఇది విధానమే కాని చట్టం కాదు. పాటించకపోతే బిల్లు చెల్లకుండా పోదు. 2022 నవంబరులో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ ముసాయిదాపై అభిప్రాయాలు కోరినప్పుడు, వాటిని బహిర్గతం చేయబోమని సంబంధిత శాఖ ముందుగానే ప్రకటించింది. ప్రజలు ఏమి చెప్పారో, ప్రభుత్వం దేనిని స్వీకరించి దేనిని ఎందుకు కాదన్నదో ఇతరులు తెలుసుకొనే వీలు లేకపోయింది. 2023 ఆగస్టులో ఆ బిల్లు చట్టమైంది. సమాధానం లేని సంప్రదింపు ఉత్తరాలపెట్టెలో వేసిన ఉత్తరం వంటిది. చేరిందో లేదో వేసినవారికి తెలియదు.

5. తెలుగువారి అనుభవం - పునర్వ్యవస్థీకరణ చట్టం:

తెలుగుపాఠకునికి ఈ చర్చ దూరపు విషయం కాదు. ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లును రాజ్యాంగం 3వ అధికరణం ప్రకారం 2013 డిసెంబరులో రాష్ట్రశాసనసభ అభిప్రాయానికి పంపారు. సభ్యులు వేలసంఖ్యలో సవరణలు ప్రతిపాదించారు. 2014 జనవరి 30న బిల్లును తిరస్కరించే తీర్మానం మూజువాణి ఓటుతో నెగ్గింది. శాసనసభ అభిప్రాయానికి పార్లమెంటు కట్టుబడవలసిన అవసరం లేదు. ఫిబ్రవరి 18న లోక్‌సభ మూజువాణి ఓటుతో బిల్లును ఆమోదించింది. ఆ సమయంలో సభాకార్యక్రమాల ప్రత్యక్షప్రసారం నిలిచిపోయింది. ఫిబ్రవరి 20న రాజ్యసభ ఆమోదించింది. రాష్ట్రవిభజనను కోరినవారూ, వద్దన్నవారూ తమ భవిష్యత్తును నిర్ణయించే క్లాజుల చర్చను చూడలేకపోయారు.

విభజన న్యాయమా, కాదా అన్నది ఈ వ్యాసపరిధిలోనిది కాదు. చట్టపాఠాన్ని తగినంత పరిశీలించకపోవడంవల్ల ఏమి జరిగిందన్నదే ఇక్కడ ప్రధానం. మూడు విషయాలను గమనించవచ్చు.

5.1. వ్రాతలో లేని హామీ: ఆంధ్రప్రదేశ్‌కు ఐదేళ్ల ప్రత్యేకహోదా విషయాన్ని నాటి ప్రధాని డా. మన్మోహన్ సింగ్ ఫిబ్రవరి 20న రాజ్యసభలో ప్రకటించారు. అది చట్టపాఠంలో లేదు. సభలో పలికిన మాటకు రాజకీయవిలువ ఉంటుంది. న్యాయస్థానంలో అమలుచేయించుకొనే విలువ చట్టంలోని అక్షరానికే ఉంటుంది. ఆ తరువాతి పదేళ్ల వివాదానికి మూలం ఈ తేడాయే.

5.2. పుట్టకముందే సవరణ: పోలవరం ముంపుమండలాలకు సంబంధించిన నిబంధనను 2014 మే నెలాఖరులో ఆర్డినెన్సు ద్వారా మార్చారు. రాష్ట్రవిభజన అమలులోకి వచ్చింది జూన్ 2న. అంటే రెండు రాష్ట్రాలు ఏర్పడకముందే చట్టానికి సవరణ అవసరమైంది. ఆ గ్రామాల ప్రజలు ఏ రాష్ట్రంలో ఉంటారన్న ప్రశ్నకు సభలో చర్చ జరగకుండానే మారిన సమాధానం దొరికింది.

5.3. పదో షెడ్యూలు: ఈ చట్టంలోని పదో షెడ్యూలు ఉన్నతవిద్యామండలి, తెలుగు అకాడమీ, పొట్టి శ్రీరాములు తెలుగు విశ్వవిద్యాలయం వంటి సంస్థల పట్టిక. వాటిని గురించి 75వ సెక్షన్, సంస్థ ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రం మరో రాష్ట్రప్రజలకు సౌకర్యాలు కొనసాగించాలని చెబుతోంది. ఆస్తులు, బ్యాంకు నిల్వలు ఎవరివన్నది ఆ సెక్షన్ చెప్పదు. ఉన్నతవిద్యామండలి ఖాతాల విషయంలో వివాదం రేగి సుప్రీంకోర్టుకు చేరింది. 2016లో న్యాయస్థానం, ఆస్తి అప్పులను జనాభానిష్పత్తిలో పంచుకోవాలన్న చట్టసూత్రం ఇక్కడా వర్తిస్తుందని తీర్పు చెప్పింది. ఆ నిష్పత్తి 58.32 : 41.68. ఒక సెక్షన్‌లో ఒక వాక్యం ఉండి ఉంటే తప్పిపోయే వ్యాజ్యం ఇది. విశ్వవిద్యాలయాలలో పనిచేసే అధ్యాపకులు, పాఠ్యగ్రంథాల కోసం ఎదురుచూసిన విద్యార్థులు ఆ వాక్యలోపం బరువును కొంతైనా మోశారు.

6. ఏ భాషలో చదవాలి?:

బిల్లును ప్రచురించారనుకొందాం. తెలుగు మాత్రమే తెలిసిన రైతు, చేనేతకార్మికురాలు దానిని ఎలా చదవాలి? రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం పార్లమెంటు బిల్లుల ప్రామాణికపాఠం ఆంగ్లంలో ఉండాలి. 1963 నాటి అధికారభాషల చట్టం 5వ సెక్షన్ పార్లమెంటులో ప్రవేశపెట్టే బిల్లుతోపాటు హిందీ అనువాదం ఉండాలని చెబుతోంది. ఇతరభాషల కోసం 1973లో ప్రామాణికపాఠాల చట్టం వచ్చింది. దాని కింద కేంద్రచట్టాలకు తెలుగువంటి భాషలలో ప్రామాణికానువాదాలు ప్రకటించవచ్చు. అయితే అది చట్టాలకు సంబంధించినది, బిల్లులకు కాదు. అంటే పాటించవలసిన దశలో తెలుగుపాఠం రావచ్చు. ప్రశ్నించవలసిన దశలో రావాలన్న నియమం లేదు. ఓటుకు ముందు చదివే హక్కును కోరే ప్రాంతీయభాషాప్రజలకు ఇది మౌలికమైన అడ్డంకి.

ఈ అడ్డంకి 2020లో న్యాయస్థానం ముందుకు వచ్చింది. పర్యావరణప్రభావ మదింపుపై కేంద్రం విడుదలచేసిన ముసాయిదా ప్రకటన ఆంగ్లం, హిందీ భాషలలోనే ఉంది. గనులు, ఆనకట్టలు, పరిశ్రమల వల్ల ప్రభావితమయ్యేవారు దేశమంతటా ఉన్నారు కాబట్టి ఇతరభాషలలోనూ ఇవ్వాలని ఒక పౌరుడు ఢిల్లీ హైకోర్టును కోరాడు. 2020 జూన్ 30న న్యాయస్థానం, ఎనిమిదో షెడ్యూలులోని భాషలలోకి ముసాయిదాను పదిరోజులలో అనువదించాలని ఆదేశించి, అభ్యంతరాల గడువును ఆగస్టు 11 వరకు పొడిగించింది. అది బిల్లు కాకపోయినా, అర్థం కాని భాషలో ప్రచురించడం ప్రచురించకపోవడంతో సమానమన్న భావన ఆ ఆదేశం వెనుక ఉంది.

రాష్ట్రశాసనసభలలో పరిస్థితి కొంత భిన్నం. 210వ అధికరణం ప్రకారం సభ్యులు తెలుగులో చర్చిస్తారు. రాష్ట్రం తన భాషలో శాసనం చేసినా ఆంగ్లానువాదాన్ని ప్రామాణికపాఠంగా పరిగణిస్తారు. చర్చించే భాష ఒకటి, తీర్పులకు ఆధారమయ్యే భాష మరొకటి.

అనువదించినంతమాత్రాన కూడా పని పూర్తికాదు. తెలుగు శాసనభాషకు తనదైన కట్టుబాటు ఉంది. విధిగా చేయవలసినదానిని ‘-వలెను’ అనీ, విచక్షణకు వదిలినదానిని ‘-వచ్చును’ అనీ రాస్తారు. ‘కలెక్టరు పరిహారము చెల్లింపవలెను’ అన్నప్పుడు పౌరునికి హక్కు పుడుతుంది. ‘చెల్లింపవచ్చును’ అన్నప్పుడు అధికారి దయ మిగులుతుంది. ఒక్క క్రియారూపంలో ఇంత భేదం ఉందని చెప్పేవారు కావాలి. పరిభాష విషయంలోనూ ఏకరూపత లేదు. పత్రికలు ‘అధికరణం’, ‘షెడ్యూలు’ అంటే ప్రభుత్వానువాదమైన ‘భారత సంవిధానము’ ‘అనుచ్ఛేదము’, ‘అనుసూచి’ అంటుంది. చదివేవాడు రెండూ ఒకటేనని గుర్తించలేకపోతే అనువాదం మరో పరభాష అవుతుంది. వ్యాకరణం, అనువాదం, పరిభాషానిర్మాణం బోధించే తెలుగుశాఖలకు ఇక్కడ చేయదగిన పని ఎంతో ఉంది.

7. అభ్యంతరాలు:

ఈ కోరికపై మూడు ప్రధానమైన అభ్యంతరాలు వినిపిస్తాయి. మొదటిది అత్యవసరం. యుద్ధం, విపత్తు వంటి సమయాలలో నెలరోజులు ఆగలేమన్నది నిజమే. పన్ను ప్రతిపాదనలను ముందే వెల్లడిస్తే వ్యాపారులు సరుకు దాచే ప్రమాదమూ ఉంది. కాలిఫోర్నియాలో వలె మినహాయింపును ఇరుకుగా నిర్వచించడం, కారణాలను వ్రాతపూర్వకంగా ప్రకటించడం దీనికి పరిష్కారాలు. అత్యవసరం పేరుతో చేసిన చట్టాన్ని కొంతకాలం తరువాత తప్పనిసరిగా సమీక్షించవచ్చు.

రెండవది కాలయాపన. ప్రతి బిల్లునూ అందరూ చదువుతూ కూర్చుంటే పరిపాలన సాగదన్నది ఈ వాదం. తొందరపాటుతో చేసిన చట్టానికి తరువాత సవరణలు, ఆర్డినెన్సులు, వ్యాజ్యాలు ఎంత కాలం తింటాయో పునర్వ్యవస్థీకరణ చట్టం చూపింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడంకన్న ముందు ఒక నెల ఆగడమే తక్కువ కాలం.

మూడవది మరింత లోతైనది. 1985లో 52వ రాజ్యాంగసవరణ ద్వారా వచ్చిన ఫిరాయింపు నిరోధకచట్టం ప్రకారం పార్టీ విప్‌ను ధిక్కరించి ఓటు వేసిన సభ్యుడు పదవిని కోల్పోవచ్చు. ఓటు ఎలా వేయాలో పార్టీ ముందే నిర్ణయించినప్పుడు సభ్యుడు బిల్లు చదివి ప్రయోజనమేమిటన్న ప్రశ్న సహజం. దీనికి సమాధానం ఓటులో కాక సవరణలో ఉంది. స్థాయీసంఘంలో విప్ ఉండదు. చదివిన సభ్యుడు అక్కడ క్లాజును సరిదిద్దగలడు, తన పార్టీలో ప్రశ్నించగలడు, నియోజకవర్గప్రజలకు వివరించగలడు. అధికారపక్షసభ్యుని నోరు ఓటింగులో మూతపడినా పరిశీలనలో తెరిచే ఉంటుంది. పౌరులు చదివిన సంగతి తెలిస్తే ఆ నోటికి బలం పెరుగుతుంది.

8. ముగింపు:

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

- ఓటుకు ముందు బిల్లును చదవాలన్న కోరిక, సభాపరిభాషలోని ‘పఠనం’ అనే మాటకు దాని అసలు అర్థాన్ని తిరిగి కోరడం.
- సభ తనకు తాను పెట్టుకొన్న నియమం సభచేతనే సడలుతుంది. చట్టంలో గాని రాజ్యాంగంలో గాని చేరిన నియమమే నిలుస్తుంది. భారతదేశపు 30 రోజుల విధానానికి ఇంకా ఆ స్థాయి లభించలేదు.
- సమాచారహక్కు చట్టం పౌరులు చదవడంవల్ల మెరుగైన శాసనానికి, పునర్వ్యవస్థీకరణ చట్టంలోని పదో షెడ్యూలు వివాదం తగినంత చదవకపోవడంవల్ల వచ్చే చిక్కుకు నిదర్శనాలు.
- కేంద్రచట్టాలకు తెలుగుపాఠం చట్టమైన తరువాతి దశకే పరిమితమై ఉంది. బిల్లు దశలోనే సరళమైన తెలుగుపాఠం, లేదా కనీసం తెలుగు వివరణపత్రం అందాలి.
- ప్రజాభిప్రాయాల సారాంశాన్ని, వాటిపై ప్రభుత్వం తీసుకొన్న నిర్ణయాలను కారణాలతో ప్రకటించినప్పుడే సంప్రదింపు పూర్తవుతుంది.

కాలం, భాష, సమాధానం అనే మూడింటిలో ఏది లోపించినా ప్రచురణ లాంఛనంగా మిగిలిపోతుంది. మొదటి, మూడవ అంశాలను ప్రభుత్వం, చట్టసభలు నెరవేర్చాలి. రెండవదానిలో విశ్వవిద్యాలయాలకు, ముఖ్యంగా తెలుగుశాఖలకు నేరుగా బాధ్యత ఉంది. శాసనభాషను పాఠ్యాంశంగా బోధించడం, బిల్లుల తెలుగు సారాంశాలను విద్యార్థులచేత సిద్ధం చేయించడం, పరిభాషను ఏకరూపం చేయడం వంటి పనులు శాసనసభ అనుమతి కోసం ఎదురుచూడవలసినవి కావు.